జరగడం జరుగుతోంది

తెలుగు నేల మీద ఎవరూ ఏమీ చేయడం మానేసి చాన్నాళ్లయింది. అన్నీ వాటంతట అవే జరిగిపోతున్నాయి. మంత్రిగారు శంకుస్థాపన చేయరు, చేయడం జరుగుతుంది. కలెక్టరుగారు సమీక్షించరు, సమీక్షించడం జరుగుతుంది. పోలీసులు దొంగను పట్టుకోరు, అదుపులోకి తీసుకోవడం జరుగుతుంది. ఆ మాటకొస్తే దొంగ కూడా దొంగతనం చేయలేదనే అతని వకీలు వాదిస్తాడు గనక, అక్కడొక్కచోట ఈ వ్యాకరణం చెల్లుతుంది.

తప్పు చేసినవాడు ఇలా మాట్లాడితే అర్థం చేసుకోవచ్చు. 'నిధులు దారి మళ్లడం జరిగింది' అంటే మళ్లించిన చెయ్యి కనపడదు. 'ఫైలు కనిపించకుండా పోవడం జరిగింది' అన్న వాక్యంలో గుమాస్తా ఉండడు, బీరువా ఉండదు, తాళంచెవి ఉండదు. ఫైలొక్కటే కాళ్లొచ్చి నడిచి వెళ్లిపోయింది. నాకు మింగుడుపడనిది గొప్పలు చెప్పుకునేవాళ్ల సంగతి. అభ్యర్థి ప్రచారం జీపెక్కి మైకు పట్టుకుని 'మన ఊరికి రోడ్డు వేయించడం జరిగింది, వాటర్ ట్యాంకు కట్టించడం జరిగింది' అంటాడు. ఓరి నాయనా, వేయించాను, కట్టించాను అనవయ్యా! ఓటడగడానికే కదా వచ్చావు? రోడ్డు దానంతటదే పడి, ట్యాంకు దానంతటదే లేస్తే మధ్యలో నీకెందుకు వేయాలి ఓటు?

అంటే ఇది తప్పించుకునే తెలివి ఒక్కటే కాదు. 'చేశాను', 'చెప్పాను', 'వచ్చాను' అంటే మనకు నామోషీ. లుంగీ ఎగ్గట్టుకుని పెళ్లి పందిట్లోకి వెళ్లినట్టుంటుంది. నలుగురిలోకి వచ్చేముందు క్రియకు పట్టుపంచె కట్టాలి. మా ఇంటి ప్రహరీ కట్టిన మేస్త్రికి ఈ పట్టింపు లేదు. 'గోడ లేపేశాను సారూ, పొద్దున్నే తడపండి' అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. అదే పనికి బిల్లు పెట్టే కాంట్రాక్టరు అయితే 'ప్రహరీ నిర్మాణం పూర్తి చేయడం జరిగింది' అని కాగితం ఇస్తాడు, గోడ ఉన్నా లేకపోయినా.

వెనకటికి ఈ ఉద్యోగం 'బడు' చేసేది. 'ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును', 'చెప్పులు భద్రపరచబడును' అని బోర్డులుండేవి. అన్నం తినబడింది, నిద్రపోబడింది అని ఇంట్లో ఎవరూ అనరు గదా అని పత్రికల్లో పెద్దలు దాన్ని తరిమారు. బూదరాజు రాధాకృష్ణ లాంటి గురువులు పాఠాలు చెప్పి, పుస్తకాలు రాసి, తెలుగు వాక్యం తెలుగులా ఎలా ఉండాలో కుర్ర విలేకరులకు నేర్పారు. చాలామటుకు 'బడు' వెనకబడింది. వీధి గుమ్మంలోంచి 'బడు'ను సాగనంపి వెనక్కి తిరిగేసరికి పెరటి గుమ్మంలోంచి 'జరుగు' వచ్చి పీట వేసుకుని కూర్చుంది.

దాని వైభవం చూడాలంటే వాన పడిన రోజు టీవీ పెట్టండి. 'అక్కడ తాజా పరిస్థితి ఏ విధంగా ఉందో మా ప్రతినిధి అందిస్తారు' అంటుంది స్టూడియోలో అమ్మాయి. మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ కుర్రాడు చెవిలో తీగ నొక్కుకుని అందుకుంటాడు: 'రైట్, ఇక్కడ పరిస్థితి కనుక చూసుకున్నట్లయితే, నిన్న రాత్రి నుంచి కూడా భారీ ఎత్తున వర్షం అనేది కురవడం జరుగుతోంది. దీంతో కాలనీలన్నీ కూడా పూర్తిగా జలమయం కావడం జరిగింది. మనం విజువల్స్‌లో కనుక చూసినట్లయితే...'

నిన్న రాత్రి నుంచి వాన, కాలనీలు మునిగాయి. ఇదీ వార్త. అరడజను మాటలు. మిగిలినదంతా వరద. రాత్రి 'నుంచి కూడా' ఏమిటో, ఇంకెక్కణ్నుంచి కురవాలో తెలీదు. 'కనుక చూసుకున్నట్లయితే' అంటాడు, చూసుకోకపోతే తెరిపి ఇస్తుందేమో మరి. ఆ కుర్రాణ్ని ఏమీ అనను. బురదలో నిలబడింది అతను, ఆ అరడజను మాటల్ని అరగంట సాగదీయమన్నది పైవాళ్లు. చానళ్లేమో 24 గంటలూ వార్తలు చెప్పాలి, ఊళ్లోనేమో అన్ని వార్తలు లేవు. ఆ ఖాళీలో 'అనేది', 'కూడా', 'కనుక' కాపురం పెట్టాయి.

ఇందులో 'అనేది' అక్కడితో ఆగలేదు. వంటింట్లోకి వచ్చింది. యూట్యూబులో వంకాయ కూర చెప్పే ఇల్లాలి మాట వినండి. 'ఇప్పుడు ఆయిల్ అనేది వేడెక్కాక ఆవాలు అనేవి వేసుకోవాలండి. అవి చిటపటలాడాక కరివేపాకు అనేది యాడ్ చేసుకుందాం. సాల్ట్ అనేది మీ టేస్టుకి తగ్గట్టు...' నూనె అంటే నూనే కదమ్మా? 'నూనె అనేది' అంటే నూనె అని లోకులు చెప్పుకునే పదార్థం ఒకటుందట, నాకు మాత్రం పూచీ లేదు అన్నట్టుంది. మూకుడులో కళ్లెదుట వేగుతున్న కరివేపాకు సత్యమా, మిథ్యా అన్న అనుమానం శంకరాచార్యులవారికైనా వచ్చిందో లేదో! మా నానమ్మ ఇంత వేదాంతం చదువుకోలేదు. 'నూనె కాగాక ఆవాలు వెయ్యి, చిటపటమంటే కరివేపాకు దూసి పడెయ్యి' అనేది. ఆవిడ నోట 'అనేది' రాలేదు, ఆవిడ గురించి చెప్పేటప్పుడు నాకు వస్తోంది, అదీ సరైన చోట.

మా పత్రికలవాళ్లం తక్కువేమీ తినలేదు. తెలిసిన సంగతి పూర్తిగా రాసి, చివర 'అన్న విషయం తెలిసిందే' అంటాం. పాఠకుడు ఎక్కడ గమనించకుండా పోతాడోనని 'గమనార్హం' అని మోచేత్తో పొడుస్తాం. 'అంటే అతిశయోక్తి కాదు' అన్నచోటల్లా ఉన్నది నికార్సయిన అతిశయోక్తి. 'సర్వత్రా హర్షాతిరేకాలు' అంటే విలేకరి, ఫొటోగ్రాఫరు, వాళ్లకు టీ ఇప్పించిన చోటా నాయకుడు. సంపాదకీయాల్లో ప్రతి పనికీ 'అవసరం ఎంతైనా ఉంది'. ఎంత అని ఇంతవరకూ ఒక్క పాఠకుడూ అడగలేదు. మంచివాళ్లు.

సినిమావాళ్ల మీద నాకంత కోపం లేదు. పదేళ్లుగా ప్రతి సినిమా 'నెక్స్ట్ లెవెల్'లోనే ఉంటోంది, కింది లెవెల్ టు-లెట్ బోర్డు పెట్టుకుని ఖాళీగా పడుంది. 2021 డిసెంబరులో 'పుష్ప' వచ్చాక టమాటా ధర, ఎండ, పెట్రోలు, దేని గురించి రాసినా 'తగ్గేదే లే' అనే శీర్షిక పెట్టాం. అయినా అవి కుర్రకారు మాటలు. పుడతాయి, ఊగుతాయి, ఇంకో సినిమా రాగానే పోతాయి. 'జరిగింది'కి చావు లేదు.

చావంటే గుర్తొచ్చింది. ఆమధ్య వాట్సాప్‌లో ఒక కబురు వచ్చింది. 'మా తాతగారు ఈ ఉదయం పరమపదించడం జరిగింది.' నాకు ఆ పెద్దాయన తెలుసు. తొంభై ఏళ్లూ ఎవరి మాటా వినకుండా బతికిన మనిషి. చివరికి చావు కూడా స్వయంగా చావలేకపోయాడు.

కస్టమర్ కేర్‌లో బతికున్నవాళ్ల గతీ అంతే.

'సర్, మీ కంప్లయింట్ రిజిస్టర్ చేయడం జరిగింది. 48 గంటల్లో రిజాల్వ్ చేయడం జరుగుతుంది సర్.'

'ఎవరు చేస్తారమ్మా?'

'మా బ్యాకెండ్ టీమ్ నుంచి మీకు కాల్ రావడం జరుగుతుంది సర్.'

'పోయినవారం కూడా ఇదే చెప్పారు.'

'అవును సర్, చెప్పడం జరిగింది. ఇంకేమైనా సహాయం కావాలా సర్?'

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. 1863లో ఆ రోజున గిడుగు రామమూర్తి పంతులు పుట్టారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, పిల్లలు మాట్లాడే తెలుగొకటి, పరీక్షలో రాయాల్సిన తెలుగొకటి కావడం చూసి ఒళ్లు మండి వాడుక భాష కోసం జీవితాంతం పోట్లాడారు. గ్రాంథికంలోనే రాయాలన్న పండితులే దాన్ని తప్పుల్లేకుండా రాయలేరని వాళ్ల రాతల్లోంచి తప్పులు ఏరి మరీ చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' అని పుస్తకమే వేశారు. గెలిచారు. గ్రాంథికం పోయింది. మనం ఊరుకోలేక ఆయన ఇప్పించిన వాడుక మాటలతోనే కొత్త గ్రాంథికం వండుకున్నాం. పాతదానికి చిన్నయసూరి వ్యాకరణమైనా ఉండేది, నేర్చుకోవడానికి ఏళ్లు పట్టేది. దీనికి మైకుంటే చాలు.

నిరుడు ఆ రోజున ఒక సభకు వెళ్లాను. 'గిడుగువారి చిత్రపటానికి పూలమాల వేయడం జరిగింది. జ్యోతి ప్రజ్వలన చేయడం జరిగింది. ఇప్పుడు ముఖ్య అతిథిగారిని వేదిక మీదకు ఆహ్వానించడం జరుగుతోంది' అన్నారు. అతిథిగారు వచ్చారు. 'వ్యావహారిక భాష అనేది గిడుగువారు మనకు అందించడం జరిగింది. దాన్ని కాపాడుకోవాల్సిన అవసరం మనందరికీ కూడా ఎంతైనా ఉంది' అన్నారు. చప్పట్లు కొట్టడం జరిగింది. అంతలో చేతిసంచీతో ఒక ముసలాయన రొప్పుకుంటూ వచ్చి, నేను కూర్చున్న చివరి బెంచీ దగ్గర నిలబడి 'కాస్త జరుగు నాయనా' అన్నాడు. జరిగాను. ఆ సాయంత్రం ఆ హాలు మొత్తమ్మీద నిజంగా జరిగింది నేనొక్కణ్నే.