పెద్దమనుషులకో సన్మాన పత్రం

మహారాజశ్రీ మేనమామలు, పెదనాన్నలు, కులపెద్దలు, అపార్ట్‌మెంట్ సంఘం అధ్యక్షులు, అరుపులు వినపడగానే టీవీ సౌండు పెంచుకునే పక్కింటివారు తదితర సమస్త పెద్దమనుషుల సముఖానికి...

అయ్యలారా! కాపురాలు నిలబెట్టడంలో తమరు చూపే నేర్పుకి ఇంతవరకూ ఎవరూ ఒక్క శాలువా అయినా కప్పలేదు. కమిలిన కంటితో పుట్టింటికొచ్చిన ఆడపిల్లని కూర్చోబెట్టి, కాఫీ చల్లారేలోపే తీర్పు చెప్పేస్తారు: "పిల్లల మొహం చూసి సర్దుకుపోమ్మా!" మొగుడు బెల్టు తీసినప్పుడు ఆ పిల్లల మొహాలు ఎలా ఉన్నాయని మాత్రం అడగరు. అడిగితే పంచాయితీ భోజనాల వేళ దాటిపోతుంది మరి.

తమ బోధ వృథా పోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019-21)లో, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టడం సబబేనని తెలుగు రాష్ట్రాల్లో నూటికి 84 మంది ఆడవాళ్లు ఒప్పుకున్నారు. తెలంగాణలోనూ అంతే, ఆంధ్రలోనూ అంతే. నీళ్ల దగ్గర కుదరని ఏకాభిప్రాయం దెబ్బల దగ్గర కుదిరింది! సర్వేవాళ్లు అడిగిన కారణాలు ఏడు. వాటిలో ఒకటి, ఇంటినీ పిల్లలనీ సరిగా చూసుకోకపోవడం. అంటే పిల్లల బాగు కోసం, పిల్లల కళ్లెదుటే, వాళ్లమ్మని కొట్టొచ్చన్నమాట. శిశు సంక్షేమ శాఖవారికి ఈ పథకం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో!

తమరు నిలబెట్టిన ఇంట్లోకి ఒకసారి తొంగిచూడండి. ఆరేళ్లవాడు ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలుపెట్టాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. వాడి అక్కకి లెక్కలు రావంటుంది టీచరు. కానీ సందు చివర బండి చప్పుడు వింటే చాలు, నాన్న ఎంత తాగొచ్చాడో ఆ పిల్ల లెక్కకట్టగలదు. బాత్రూంలో కొళాయి తిప్పి ఉంచితే తమ్ముడికి అమ్మ ఏడుపు వినపడదని కూడా తనే కనిపెట్టింది. స్కూలుకెళ్లే వేళకి రోజూ కడుపునొప్పి. స్కానింగుకి డబ్బు పోశారు, ఏమీ కనపడలేదు. చుట్టాలు మాత్రం "ఎంత అణకువో, నోట్లో నాలుక లేదు!" అని మురిసిపోతుంటారు. భయానికి మన బంధువర్గంలో ఇంత మంచి పేరుంది.

పెద్దవాడి సంగతి వేరు. క్లాసులో ఆడపిల్లని కొట్టాడని స్కూలువాళ్లు తండ్రిని పిలిపించారు. ఐఐటీ ఫౌండేషన్‌కి లక్షలు కడుతున్న తండ్రాయె, పరువు పోయింది. అక్కడే నలుగురి ముందూ చెంప పగలగొట్టి, "ఎక్కడ నేర్చుకున్నావురా ఇదంతా?" అని గర్జించాడు. ఫీజు లేకుండా ఇంట్లో సాగుతున్న కోచింగ్ ఆయనకి గుర్తులేదు.

అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు 1998లో ఒక అధ్యయనం ప్రచురించారు. చిన్నప్పటి చేదు అనుభవాలు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక గుండెజబ్బు, తాగుడు, ఆత్మహత్యా ప్రయత్నం ముప్పు అంత ఎక్కువని తేల్చారు. ఆ అనుభవాల జాబితాలో తల్లి దెబ్బలు తినడం కూడా ఉంది. బిడ్డ ఒంటి మీద ఒక్క దెబ్బా పడనక్కర్లేదు. మన సర్వే ఇంకో ముక్క చెప్పింది: తండ్రి తల్లిని కొట్టగా చూసిన కూతుళ్లే రేపు మొగుడి చేతిలో ఎక్కువగా దెబ్బలు తింటున్నారు. కనక తమ పంచాయితీలకి వచ్చే తరంలోనూ గిరాకీ తగ్గదు, దిగులుపడకండి.

ఇక శాలువా కప్పేముందు ఒక చిన్న విన్నపం. గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని 19వ సెక్షన్ కింద కొట్టే మనిషిని ఆ ఇంటి నుంచి బయటికి వెళ్లమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. 21వ సెక్షన్ కింద పిల్లల్ని తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు. ఇల్లు, బడి, మంచం, పుస్తకాలు పిల్లలకి ఎక్కడివక్కడే ఉంటాయి. గడప దాటేది ఆయనొక్కడే. మహిళలకి 181, పిల్లలకి 1098 ఫోను నంబర్లూ ఉన్నాయి.

పిల్లల కోసమే అంటున్నారు కదా! మళ్లీ పంచాయితీలో కూర్చున్నప్పుడు, సర్దుకుని బయల్దేరమని ఆ మహానుభావుడికి చెప్పండి. పెట్టె కావాలంటే మేం కొనిస్తాం.