ఇంకో ఐదు వేలు వేస్తే

మా మేనల్లుడు కొండదారి సైకిలు పందేల్లోకి దిగుతానన్నాడు. సంతోషించాను. రెండంతస్తుల మెట్లెక్కి రెయిలింగు పట్టుకుని నిలబడిపోయే కుర్రాడు. ఏ దేవుడో బుద్ధి పుట్టించాడనుకున్నాను. సైకిలు కోసం 30 వేలు పక్కన పెట్టానన్నాడు. ఇంకా సంతోషించాను. ఇదంతా నిరుటి మాట. ఈ రోజుకి వాడు తొక్కిన దూరం సున్నా. వాడి ల్యాప్‌టాప్‌లో మాత్రం నలభై ఏడు సైకిళ్ల జాతకాలు వరసకొకటి చొప్పున, రంగులు పూసుకుని కూర్చున్నాయి. వాడి చెల్లెలికి సంబంధాలు చూసినప్పుడు మా అక్క కూడా ఇన్ని జాతకాలు తిరగెయ్యలేదు.

దీనికంతటికీ మూలం ఒక్క మాట: "ఇంకో ఐదు వేలు వేస్తే మంచిది వస్తుంది."

ఎవరన్నారని అడక్కండి. ఆదివారం పొద్దున్నే సైకిలు తొక్కొచ్చి ఇడ్లీ బండి దగ్గర హెల్మెట్టు తీసిన ప్రతివాడూ అంటాడు. 30 వేల దానికి కేబుల్ బ్రేకులే వస్తాయి, 35 పెట్టు, ఆయిల్ బ్రేకులు వస్తాయి. 40కి వెళ్తే గేర్లు బాగుంటాయి. అంతదాకా వచ్చినవాడివి ముందు చక్రానికి ఇంకా స్ప్రింగు ఫోర్కేమిటి, గాలి ఫోర్కు చూడు. గాలి ఫోర్కు పెట్టాక చక్రానికి పాతకాలపు సన్న ఇరుసుంటే ఏం బాగుంటుంది, త్రూ యాక్సిల్ ఉండాలి. ఇలా లక్ష గుమ్మం ముందుకి వచ్చేసరికి ఇంకొకాయన చట్నీలో ఇడ్లీ ముంచుతూ, "ఈ డబ్బుకి సెకండ్ హ్యాండులో కార్బన్ ఫ్రేమే వస్తుంది కదా" అంటాడు.

గమ్మత్తేమిటంటే ఏ మెట్టు దగ్గర ఏది చెప్పినా నిజమే చెబుతారు. అబద్ధమైతే వాదించి నెగ్గొచ్చు. ఐదేసి వేల నిజాలు ఇరవై పేరిస్తే లక్ష రూపాయలవుతుందన్న లెక్క మాత్రం ఇడ్లీ బండి దగ్గర ఎవరూ చెప్పరు. 2025 సెప్టెంబరులో సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. 30 వేల సైకిలు మీద 1,800 పైచిలుకు తగ్గాలి. ఆ తగ్గింపు చూసిన ఉత్సాహంలో మావాడు బడ్జెట్టు ఇంకో ఐదు వేలు పెంచాడు.

ఈ ఖర్చు వేదాంతం పడక, చవకలో తేల్చేద్దామని ఒక రోజు వాణ్ణి సైకిళ్ల షోరూముకి లాక్కెళ్లాను. అక్కడ ఎదురైంది రెండో మతం. ఆకుపచ్చా నారింజా చారలు, బొద్దు టైర్లు, ఫ్రేము మీద మైలు దూరానికి కనిపించే 'ఎంటీబీ' అక్షరాలు. ధర 14 వేలు. సేల్స్ కుర్రాడు ఊపిరి తీసుకోకుండా చదివాడు: "ముందూ వెనకా షాకులు సార్, ముందూ వెనకా డిస్కులు, ఇరవై ఒక్క గేర్లు."

ఎక్కి కూర్చున్నాను. సీటు కిందికి దిగింది. దిగి మళ్లీ పైకొచ్చింది. పెడల్ తొక్కితే ముందుకి వెళ్లాల్సిన బలమంతా వెనక స్ప్రింగులోకి పోయి, బండి నన్ను ఉయ్యాల ఊపింది. సీమంతానికి పనికొస్తుంది గానీ కొండెక్కడానికి కాదు. దిగి ఎత్తి చూశాను. ఖాళీ గ్యాసు బండ పదిహేను కిలోల పైచిలుకుంటుంది కదా, ఇది దాన్ని మించింది. క్రాస్‌కంట్రీ పందెంలో సగం దారి ఎక్కుడే. గ్యాసు బండను భుజానికెత్తుకుని అనంతగిరి ఎక్కమంటే ఎవరైనా పోలీసులకి ఫోను చేస్తారు, అదే బండకి చారలు వేసి ఇస్తే డబ్బిచ్చి తీసుకెళ్తారు. అమెరికా సూపర్‌మార్కెట్లలో ఈ జాతి సైకిళ్లు కొన్నిటికి రాళ్ల దారుల్లో వాడరాదన్న స్టిక్కరు కూడా అంటిస్తారు. పేరు మౌంటెన్ బైకు, కొండ మాత్రం నిషిద్ధం. మనవాళ్లకి ఆ మొహమాటం కూడా లేదు.

ఇరవై ఒక్క గేర్ల మహిమ కూడా కాస్త చెప్పాలి. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు, హెచ్చవేస్తే ఇరవై ఒకటి. ఇలాంటివాటిలో ముందు 42, 34, 24 పళ్లు, వెనక 14 నుంచి 28 పళ్లు ఉండటం మామూలు. 42ని 28తో భాగించండి, ఒకటిన్నర. 24ని వెనక 16తో భాగించండి, మళ్లీ ఒకటిన్నర. రెండు గేర్లుగా లెక్కపెట్టి అమ్మింది ఒకే గేరన్నమాట. ఇలా అటూ ఇటుగా కవలలు అరడజను తేలతారు. చైను మరీ వంకరపోయి కీచుమనే జోడింపులు పక్కన పెడితే మిగిలేది డజను. అసలు అవసరం కొండెక్కే గేరు. ఇందులో అన్నిటికన్నా తేలికైంది 24 మీద 28, అంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం 0.86 చుట్టు. ముందు 32 పళ్ల చక్రం ఒక్కటే, వెనక పెద్దది 51 పళ్లు ఉన్న పన్నెండు గేర్ల సైకిలు మీదైతే 0.63. గేర్లు తొమ్మిది తక్కువ, ఎక్కుడు అంత తేలిక. ఈ భాగహారం సేల్స్ కుర్రాడికి చెబితే, "సార్, స్టాండు ఫ్రీ" అన్నాడు.

తిరిగొచ్చే దారిలో మావాడికి ఈ ఆట పుట్టుక చెప్పాను. కాలిఫోర్నియాలో ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్లు కొండ మీంచి మట్టిదారిలో పందెం వేసుకున్నారు. తొక్కినవి 1930లు, 40ల నాటి పాత ష్విన్ సైకిళ్లలాంటివి. బరువు ఇరవై కిలోల దాకా. బ్రేకు వెయ్యాలంటే పెడల్ వెనక్కి తొక్కాలి. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగయ్యేది, మళ్లీ గ్రీజు కూరితేనే మరోసారి పందెం. ఆ మళ్లీ కూరడమే పేరై 'రీప్యాక్' పందెం అయింది. ఇవాళ లక్షలు పోసి కొనే ఫ్రేములన్నిటికీ ముత్తాత ఆ పాత ఇనుమే.

"అది దిగుడు పందెం మామయ్యా. నాది క్రాస్‌కంట్రీ. ఎక్కాలి," అన్నాడు.

పాయింటే. సరే, ఎక్కుడే చూద్దామని 1990కి వచ్చాను. కొలరాడోలోని డురాంగోలో మొదటి అధికారిక ప్రపంచ చాంపియన్‌షిప్పు. పురుషుల క్రాస్‌కంట్రీ గెలిచిన నెడ్ ఓవరెండ్‌కి అప్పటికి 35 ఏళ్లు. "నీకింకా టైముంది," అన్నాను. వినలేదు. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి వచ్చాను. బ్రిటన్ ఆటగాడు టామ్ పిడ్‌కాక్ సైకిలు కన్నా ఖరీదైంది మావాడి పట్టికలో లేదు. ఆయనకీ నడి పందెంలో టైరు పంచరైంది. చక్రం మార్పించుకుని, అర నిమిషం పైగా వెనకబడి, చివరి ల్యాపులో ఫ్రాన్సు ఆటగాడు విక్టర్ కొరెట్స్కీని దాటి బంగారు పతకం పట్టాడు. నాకైతే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మావాడు శ్రద్ధగా విని, "పంచరైంది ఏ కంపెనీ టైరు?" అన్నాడు.

వాడి స్నేహితుడొకడు ఈ చర్చల్లో పడకుండా 28 వేలు పెట్టి షాకులు ముందు మాత్రమే ఉన్న సైకిలు కొన్నాడు. పదిహేను రోజులకి వాడూ వాడిపోయి వచ్చాడు. రాళ్ల మీద చేతులు అదిరిపోతున్నాయట, మలుపులో చక్రం జారుతోందట. ఇడ్లీ బండి సంఘం ఏకగ్రీవంగా గాలి ఫోర్కు వేయించమంది. వేయించే ముందు మా వీధి చివర మెకానిక్‌కి చూపిద్దామన్నాను. అతను ఫోర్కు వంక చూడనే లేదు. టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు దిగలేదు. గేజి పెడితే 60 పీఎస్‌ఐ. "రోడ్డు సైకిలుకి కొట్టినట్టు కొట్టారు బాబూ," అని వాల్వు నొక్కి పట్టుకున్నాడు. సుయ్యిమని 30కి వచ్చేదాకా వదల్లేదు. కుర్రాడు పక్క మట్టిదారిలో ఒక చుట్టు తొక్కొచ్చాడు. మొహం విప్పారింది. ఎంతివ్వాలి అన్నాడు. "గాలి కొట్టినందుకు తీసుకుంటాగానీ, తీసినందుకు కూడానా?" అన్నాడు మెకానిక్.

ఆ మెకానిక్‌నే అడిగాను, పందేలు మొదలుపెట్టేవాడు ఏం చూసి కొనాలని. అడిగిన నేను ఊరుకున్నాను గానీ అతను ఊరుకోలేదు. ముందు సైజు చూడాలి, మనిషికి సరిపోని సైకిలు ఎంత పెట్టి కొన్నా నడుం నొప్పే. వెనక షాకు ఉన్నది చవక ధరలో ముట్టుకోవద్దు. వెనక గేర్లు మర బిగింపు ఫ్రీవీలా, క్యాసెట్టా అడగాలి. క్యాసెట్టైతే రేపు పెద్ద పళ్లది వేసుకోవడం సులువు. బ్రేకు ఒక వేలితో పట్టాలి. ఒకరు కొని మూలన పడేసినది దొరికితే అంతకన్నా అదృష్టం లేదు, ఈ ఊళ్లో మూలన పడినవే ఎక్కువ. మిగిలిన డబ్బు హెల్మెట్టుకి, గ్లవ్సుకి, ఒక స్పేరు ట్యూబుకి. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. గ్రాముల బరువు సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తను. మావాడి పొట్ట నాకు దగ్గరి బంధువు.

మరి అన్నీ చూసి, అరవై ఐదు వీడియోలు నమిలి కొన్నవాళ్లు ఎక్కడ తొక్కుతున్నారో చూద్దామని ఒక ఆదివారం హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్క సైకిలు ట్రాకుకి వెళ్లాను. 2023లో 23 కిలోమీటర్లు తెరిచారు, పైన సోలార్ పలకల కప్పు. ఎండ తగలదు, వాన పడదు, గచ్చు లాంటి నున్నటి దారి. దాని మీద 120 మిల్లీమీటర్ల ఫోర్కులు, ముళ్ల టైర్లు తేనెటీగల్లా ఝుమ్మని రొద చేస్తూ పోతున్నాయి. నా కళ్ల ముందు ఎదురైన అతిపెద్ద అవరోధం ఒక కుక్క. అదీ పడుకునుంది.

పోయిన వారం మావాడు ఫోను చేశాడు. కొనేశాట్ట. 1,40,000. ఆనందం పట్టలేక వెళ్లాను. హాల్లో అట్టపెట్టె విప్పి, నిగనిగలాడే బండి గోడకి ఆనించి ఉంది. మా అక్క దిష్టి తీసి నిమ్మకాయ కోసింది. "ఎక్కు మరి," అన్నాను.

"ఎక్కడం కుదరదు మామయ్యా, పెడల్స్ లేవు."

పెట్టె బోర్లించి దులిపాను. నిజంగానే లేవు. పందెం సైకిళ్లకి పెడళ్లు ఎవరి బూట్లకి తగ్గవి వాళ్లు విడిగా కొనుక్కోవాలట, అది ఈ ధరలో ఆచారమట. ఆ 14 వేల గ్యాసు బండకి పెడళ్లతో పాటు స్టాండు, బెల్లు కూడా ఇచ్చారని నేను గుర్తుచెయ్యలేదు.

"మంచివి ఎంతట్రా?"

"రెండు వేలకి ఉన్నాయి మామయ్యా," అని ల్యాప్‌టాప్ తెరిచాడు. "కానీ ఇంకో ఐదు వేలు వేస్తే..."