తాత వేలు, మనుమడి చిప్పు: సటీకా తాత్పర్యము

ఆ. వేలు పెట్టి చూచి వేడి చెప్పెడు తాత
గడ్డి నుండి కాయ గంప కెత్తె;
మనుమ డేమొ చేతి మణికట్టుపై చిప్పు
కట్టి చూచి వేడి కానడయ్యె.

అవతారిక: నూజివీడు దగ్గరి మామిడితోటలో, మే నెల మధ్యాహ్నం, తాతకు ఒళ్ళు వెచ్చబడిందని అనుమానం వచ్చినప్పటి పద్యమిది. కవీ టీకాకారుడూ ఒకడే గనుక మెప్పుకు లోటుండదు.

ప్రతిపదార్థము: వేలు పెట్టి చూచి = మగ్గేసిన కాయల నడుమకు మోచేతిదాకా చెయ్యి దూర్చి; గడ్డి నుండి = వరిగడ్డి పొరల్లోంచి; కాయ = చిన్నరసం (బంగినపల్లి అంటారు కొందరు. కోసి ముక్కలు తినేదానికి పద్యమెందుకు?); మనుమడు = ఇంజనీరింగ్ చదివేవాడు (ఊళ్ళో 2008 నుంచి ట్రిపుల్ ఐటీ ఉన్నంతమాత్రాన అక్కడివాడే అనడం సాహసం); చిప్పు = ఉష్ణోగ్రత సెన్సారు; కానడయ్యె = 33 అంకె చూసి తెల్లబోయాడు.

పాఠాంతరము: ‘చేతికి చిప్ప’ అని. సెన్సార్లు కొన్నవారు దీన్నే ఆదరిస్తారు.

తాత్పర్యము: తాతకు తెలిసింది, మనుమడికి తెలియలేదు.

విశేషములు: పూర్వపక్షి అడుగుతాడు, చవకగా దొరికే ఎల్‌ఎం35 చాలదా, డిగ్రీకి 10 మిల్లీవోల్టులు ఇస్తుందిగా అని. చాలదు. అందులోనూ, డీఎస్18బీ20లోనూ అర డిగ్రీ అటూఇటూ మామూలే. జ్వరమా కాదా అన్న తగువంతా ఆ అర డిగ్రీలోనే ఉంటుంది. అందుకే మనుమడు మాక్స్30205 తెప్పించాడు. తేడా డిగ్రీలో పదోవంతే అని దాని కాగితంలో ఉంది. నిజమే, కానీ ఆ హామీ 37 నుంచి 39 దాకానే. మణికట్టు చర్మమేమో నీడపట్టున 32, 33 దగ్గర తచ్చాడుతుంది. చిప్పు హామీ ఇచ్చిన ఊరికి చెయ్యి వెళ్ళనే వెళ్ళదు! టీఎంపీ117 అయితే మైనస్ 20 నుంచి 50 దాకా అదే మాట మీద ఉంటుంది. ఉండి ఏం లాభం? అదీ 33 అనే అంటుంది, ఇంకాస్త నిక్కచ్చిగా.

తాత గడ్డి పైపైన తడిమి వేడి చెప్పడు. పండేటప్పుడు కాయ శ్వాసిస్తూ వేడి పుట్టిస్తుంది. పైవరసకు గాలి తగిలి ఆ వేడి పోతుంది, నడిమి వరసలో నిలుస్తుంది. ఒంట్లో మణికట్టు పైవరస, చంక కాస్త లోవరస. 1868లో వుండర్లిక్ అనే జర్మన్ వైద్యుడు సుమారు 25,000 మంది రోగుల లెక్కలతో 37 డిగ్రీల మాటను స్థిరపరిచింది చంకలో పెట్టిన థర్మామీటరుతోనే.

ఇంకొక దోషం. మనుమడు చిప్పును బ్యాటరీ పక్కనే అతికించాడు. చార్జింగ్ పెట్టగానే ఆ వేడి బోర్డు మీది రాగి గీతల వెంట నడిచొచ్చి 35 చూపించింది, వాడు సంబరపడ్డాడు కూడా. చిప్పు చుట్టూ బోర్డుకు గాడి కోసి, దాని వీపు చర్మానికి ఆనించి ఉంటే ఆ సంబరం తప్పేది.

చివరికి పట్టీ విప్పి తాత చంకలో పెట్టి, “కదలకు తాతా, పది నిమిషాలు” అన్నాడట.

“పది నిమిషాలా? అవతల గంపలు ఆటో ఎక్కాలిరా,” అని తాత లేచాడు.