బతికున్నావా, కంపెనీ?

సింగరేణి బాయిలో పనివాళ్లను బొగ్గు తవ్వే చోటికి పంపేముందు మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పు తట్టి చూస్తాడు. బోలుగా మోగిందా, కింద ఆసరా కట్టేదాకా ఎవ్వరూ అడుగు పెట్టొద్దు. అదే సర్దార్ జీతంలోంచి నెలనెలా కోసే సొమ్మును కాపాడాల్సిన ధన్‌బాద్‌లోని బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్ పెద్దలకు మాత్రం అంత చాదస్తం లేదు. గృహరుణాల కంపెనీ డీహెచ్‌ఎఫ్‌ఎల్ నొసట ‘ట్రిపుల్ ఏ’ రేటింగ్ బొట్టు కనిపించింది. సుమారు 1,390 కోట్లు డిబెంచర్లలో పోశారు. 2019 జూన్‌కల్లా మూడు ‘ఏ’లూ రాలిపోయి, బాకీ ఎగ్గొట్టిందని చెప్పే ఒక్క ‘డీ’ మిగిలింది. నవంబర్‌లో రిజర్వు బ్యాంకు ఆ కంపెనీ బోర్డును రద్దుచేసి దివాలా దారి పట్టించింది. చివరికి ఫండ్ సొమ్ములో దాదాపు 727 కోట్లు రానిబాకీ కింద కొట్టేశారు.

సర్కారు బాండ్లు ఇంత, కంపెనీ బాండ్లు ఇంత, షేర్లు ఇంత అని వాటాలేస్తే రిస్కు తగ్గుతుందని పెద్ద మదుపరుల శాస్త్రం. తగ్గిందండీ, తప్పకుండా తగ్గింది. సంతకం పెట్టినవాళ్లకు!

ఇక కొత్తగూడెంలో రిటైరైన కార్మికుడి సంగతి. మోకాళ్లు పట్టేసినా, దగ్గు ఆగకపోయినా, ఏటా తాను బతికే ఉన్నానని రుజువు చూపించుకోవాలి. లేదంటే అదే ఫండ్ పెద్దలు నడిపే 1998 నాటి పథకం కింద వచ్చే ఆ కాస్త పింఛనూ ఆగుతుంది. వేలిముద్ర పడకపోతే మళ్లీ రమ్మంటారు.

పద్నాలుగు వందల కోట్లకు దగ్గరగా పుచ్చుకున్న కంపెనీని ఏటా ఒక్కసారి ఆ వేలిముద్ర యంత్రం ముందు నిలబెట్టి ఉంటే?