గోదావరికి స్కేలు పెట్టినవాడు

గోదావరిని స్కేలు పెట్టి గీసినవాడు ఈ రాజమండ్రిలో నేనొక్కణ్ణే అయివుంటాను. స్కేలంటే నిజంగా స్కేలే, స్టీలుది. గట్టు మీద సిమెంటు బెంచీ ఎక్కి కూర్చుని, ఇవతలి నీటి అంచుకి ఒక గీత, అవతల కొవ్వూరు ఒడ్డుకి ఒక గీత కొట్టి, మధ్యలో ఆర్చ్ బ్రిడ్జి వేశాను. ఆ వంతెనకి కమానులు 28. ఓ ఆరేడు వేసి మిగతావి పొగమంచులో కలిపెయ్యొచ్చని నాకు తట్టలేదు. అన్నీ వేశాను. కమానుల నుంచి దిగే నిలువు కడ్డీలు కూడా, దూరంగా ఉన్నవాటికి కళ్లజోడు మార్చుకుని మరీ లెక్కపెట్టి వేశాను. ఇంటికి తెచ్చి చూపిస్తే మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, “బాగుందండీ. ఎస్టిమేటు ఎంతకొచ్చింది?” అంది.

మా మనవరాలు ఇంకో అడుగు ముందుకేసి, “తాతయ్యా, మరి నీళ్లేవి?” అంది. నీళ్లకి చోటు మిగల్లేదు. పక్కనే 1900లో డ్యూటీలో చేరి 1997లో రిటైరైన హేవలాక్ వంతెన కూడా ఉంది గానీ, దానికి 56 స్పాన్‌లు. అందుకని దాని జోలికి పోలేదు.

బొమ్మలెయ్యడం నాకు రిటైరయ్యాక పట్టిన పిచ్చి. అంతకుముందు పట్టిన హార్మోనియం, హోమియోపతి ఇంట్లోవాళ్లే వదిలించారు. ఇది చప్పుడు చెయ్యదు, ఎవరికీ మందులివ్వదు కనక బతికిపోయింది. మా వీధి చివర రిటైర్డు డ్రాయింగు మాస్టారొకాయన ఉన్నారు. నా పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా ఓపిగ్గా తిరగేసి, “అన్నీ కరెక్టుగానే ఉన్నాయండి. అదేనండి జబ్బు” అన్నారు. “మీ లైను ఊపిరి బిగబట్టుకుని నడుస్తోందండి. కొంచెం వదలండి దాన్ని.” ఆ మీదట పథ్యం చెప్పారు. పెన్సిలు మానెయ్యాలి. రబ్బరు ఇంట్లోంచి పంపెయ్యాలి. పెన్ను పాళీ దగ్గర కాకుండా బాగా వెనక్కి పట్టుకోవాలి. జేబు పుస్తకం పక్కన పడేసి, పెద్ద కాయితం మీద, వీలైతే నిలబడి వెయ్యాలి. కదలాల్సింది మణికట్టు కాదు, భుజం. విన్నంతసేపూ తలూపాను. ఇంటికొచ్చి ఆ సూచనలన్నీ స్కేలుతో మార్జిను కొట్టి, నంబర్లు వేసి ఫెయిర్ చేసుకున్నాను.

నన్నని లాభం లేదు. ఉద్యోగమంతా బ్యాంకులో, అందులోనూ ఎక్కువ భాగం సంతకాలు సరిచూసే సీట్లో వెళ్లిపోయింది. కడియం వైపు నుంచి నర్సరీ ఆయనొకరు వచ్చేవారు. ఆయన సంతకం ఒక సుడి, ఒక కొక్కెం, ఫారం దాటిపోతుందేమో అన్నంత పొడుగు తోక. ఒకరోజు ఆ తోక కొంచెం పొట్టిగా పడింది. “తేడా ఉందండి. స్పెసిమన్‌లో ఉన్నట్టు పెట్టండి” అన్నాను. అంతే, ఆయన చేతికి ఏదో అయిపోయింది. రెండో సంతకంలో సుడి కోలగా సాగింది. మూడోదానికి నాలిక బయటపెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ దిద్దారు. తోక సగంలో ఆగి, ఆలోచించుకుని, మళ్లీ బయల్దేరింది. “నా సంతకం నాకే రావట్లేదేటండి బాబూ!” అని చెమట తుడుచుకుంటుంటే జాలేసి, టీ తెప్పించి, అమ్మాయి సంబంధం ఎంతవరకూ వచ్చిందని అడిగాను. ఆ కబుర్లలో పడి, నా మొహంలోకి చూస్తూనే ఫారం వెనకాల గీకి పారేశారు. స్పెసిమన్ కార్డు మీంచి లేచొచ్చినట్టుంది.

చెయ్యి వదులు కావడమంటే ఏమిటో అంత దగ్గర్నుంచి చూసి కూడా నాకు వెలగలేదు. పైగా ఆ సీట్లో కూర్చున్నవాడి పనే గీతల్ని అనుమానించడం. దొంగ సంతకంలో ఆకారం సరిగ్గానే ఉంటుంది, వేగమే ఉండదు. గీత సన్నగా వణుకుతుంది. మొదలూ చివరా మొద్దుగా ఉంటాయి, ఎందుకంటే పెన్ను కాయితం మీద ఆగి బయల్దేరింది, ఆగి లేచింది. అసలు మనిషి గాల్లోంచి దిగుతాడు, గాల్లోకే పోతాడు. దొంగవాడి వత్తిడి మొదట్నుంచి చివరిదాకా ఒకటే. ఎత్తకూడని చోట పెన్నెత్తి, జాగ్రత్తగా అతికించిన జాడ కూడా దొరుకుతుంది. పాత అలవాటు కొద్దీ భూతద్దం తీసి నా ఆర్చ్ బ్రిడ్జిని పరీక్షించాను. ఇరవై ఎనిమిది కమానులూ ఫోర్జరీలే.

బాపు గారి బొమ్మలు కాపీ చేస్తే కుదురుతుందని ఎవరో సలహా ఇచ్చారు. ఇచ్చినవాళ్లకి బొమ్మలు తెలుసు గానీ నా రోగం తెలీదు. సత్తిరాజు లక్ష్మీనారాయణగా ఆయన 1933లో పుట్టింది మన నరసాపురంలోనే. ఆయన జోడీ ముళ్లపూడి వెంకటరమణ గారిది మాకు కూతవేటు ధవళేశ్వరం. బాపు గారు మద్రాసులో లా చదివి, 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరారు. లా చదివిన చేతికి ఆ లైను ఎలా వచ్చిందన్నది వేరే సంగతి. ఆ బొమ్మల్లో ఆడపిల్ల బుగ్గ గీత గడ్డం దాకా వచ్చి ఊరికే ఆగిపోతుంది, మిగతా బుగ్గ చూసేవాడే పూర్తి చేసుకుంటాడు. జడ మెడ దగ్గర లావుగా మొదలై, నడుం దగ్గర సన్నబడి, చివర ఒక విదిలింపు.

ఆ జడనే ఎంచుకున్నాను. ఆయన ఒక్క ఊపులో లాగినదాన్ని నేను భోజనాలయిన దగ్గర్నుంచి టీ వేళ దాకా లాగాను. ఆకారం అచ్చు గుద్దినట్టుంది, కానీ జడ మాత్రం నానబెట్టి పేనిన కొబ్బరి తాడులా ఉంది. వేగంగా పుట్టిన గీతని నింపాదిగా నకలు తీస్తే వచ్చేది దొంగ సంతకం కాక మరేమిటి? ఆ చెక్కు నా కౌంటరుకొస్తే నేనే వెనక్కి పంపేవాణ్ణి.

ధైర్యం కోసం దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాను. ఆయన రంగుల మనిషి, పెన్నూ సిరా దారి కాదనుకోండి. 1897లో ఈ ఊళ్లోనే పుట్టి, ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చదువుకుని, 1925లో మశూచి తీసుకుపోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఆ బొమ్మల ముందు నిలబడితే ధైర్యానికి బదులు ఉక్రోషం వచ్చింది. ఆ వయసుకి నేను ప్రొబేషన్‌లో ఉన్నాను.

లోపం పెన్నులో ఉందేమోనని అటు పడ్డాను. ఇది పెన్నుల ఊరు. 1932లో కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ పట్టుదలతో మొదలుపెట్టిన రత్నం పెన్నుని గాంధీగారే అందుకుని, 1935లో బాగుందని ఉత్తరం రాశారు. మా నాన్నగారి రత్నం పెన్ను బీరువాలో పట్టుపంచెల మధ్య భద్రంగా ఉంది. “దాంతో వెయ్యండి. బాల్ పెన్ను వత్తితే గానీ రాయదు, వత్తేకొద్దీ చెయ్యి బిగుస్తుంది. పాళీ పెన్ను ఊరికే తాకితే చాలు, సిరా దిగుతుంది” అన్నారు మాస్టారు. నిజమే. కానీ అది చేతిలోకి తీసుకోగానే నాన్నగారు నా వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డట్టుండి, ఉన్న కాస్త వదులూ పోయింది. దాన్ని మళ్లీ పంచెల్లో పడుకోబెట్టి, బజార్లో ఏదో చవక ఫౌంటెన్ పెన్ను కొన్నాను. తడి తగిలినా చెదరకూడదని అందులో ఇండియన్ ఇంకు పోశాను. ఆ సిరాలో లక్క ఉంటుంది, ఆరిందంటే రాయే. అది ముంచి రాసే పాళీలకి గానీ ఫౌంటెన్ పెన్నులకి కాదని సీసా మీద రాసే ఉంది, నేనే చదవలేదు. బ్యాంకులో ఫైన్ ప్రింటు చదివి చదివి, రిటైరయ్యాక చదవనని ఒట్టేసుకున్నాను లెండి. నాలుగు రోజులు తిరక్కుండా పెన్ను కూడా నాలాగే బిగుసుకుపోయింది.

న్యూయార్క్‌లో కైమన్ నికొలైడిస్ అనే ఆయన డ్రాయింగు పాఠాలు చెప్పేవాడు. ఆయన పోయాక 1941లో అచ్చయిన పుస్తకంలో ఒక సాధన ఉంది. కాయితం వంక చూడకూడదు. చూపు ఎదుటి వస్తువు అంచు వెంబడి మెల్లిగా పాకుతూ ఉండాలి, పెన్ను ములుకు ఆ అంచునే తాకుతోందని గట్టిగా నమ్మాలి. అది పట్టుకుని వంటింట్లో చేరాను. మా ఆవిడ పనసపొట్టు కొడుతోంది. నేను రెప్ప వెయ్యకుండా ఆవిణ్ణే చూస్తుంటే, “అలా గుడ్లప్పగించి చూస్తారేవిటండీ, కోడలు పిల్ల వస్తే బాగోదు” అని కత్తి ఆపింది. తీరా కాయితం చూస్తే ముక్కు చెవి అవతల పడింది, ఒక చెయ్యి స్టవ్వు దాకా వెళ్లిపోయింది. “నా ముక్కు పక్కింట్లో పెట్టారేం?” అంది. కానీ ఆ కొప్పుందే, వదులుగా చుట్టి, చివర నాలుగు వెంట్రుకలు జారిన కొప్పు, అది నేను వేసిందంటే నాకే నమ్మకం కలగలేదు. అక్కడితో ఆపితే నేను నేనెందుకవుతాను? ముక్కుని సొంత ఇంటికి తెస్తానని కూర్చుని, కొప్పు మీద కూడా సిరా పులిమాను.

వేగం కోసం పుష్కర ఘాట్‌కి వెళ్లమన్నారు మాస్టారు. స్నానానికి దిగినవాళ్లు మూడు మునకలేస్తారు, మూడో మునక లేచేలోగా బొమ్మ అయిపోవాలి. వేళ్లు లెక్కపెట్టే టైముండదు. కళ్లు సగం మూస్తే వివరాలు పోయి, వెలుగూ నీడా మిగులుతాయి, ఆ నీడలు వేస్తే చాలు. పద్ధతి మంచిదే. ఒకాయన వీపు బాగానే వచ్చింది కూడా. కాకపోతే క్లిప్పున్న అట్ట, చేతిలో పెన్ను, ముక్కు మీద కళ్లజోడు చూసి ఒక ముసలావిడ తడిచీర పిండుకుంటూ వచ్చి, “సర్వేకాండీ?” అంది.

“కాదమ్మా, బొమ్మలేసుకుంటున్నాను.”

“మా పింఛను ఆగిపోయిందండి. కాస్త పేరు రాసుకోండి బాబూ.”

రాసుకున్నాను. కాదనే అలవాటు రిటైర్మెంటుతోనే పోయింది. ఆవిడ వెనకాల ఇంకొకరు, వాళ్ల వెనకాల ఇంకొకరు, చూస్తుండగానే మెట్ల మీద చిన్న లైను కట్టారు. ఆ పూట నా పుస్తకంలో పైన ఒక మగమనిషి వీపు, దాని కింద పింఛన్లు, రేషను కార్డులు, ఒక పాస్ పుస్తకం తగువు. తమాషా ఏమిటంటే, గబగబా రాసిన ఆ పేర్లలో ఉన్న ఊపు ఆ వీపులో లేదు.

ఈ విద్యలో అసలు పండితురాలు ఇంట్లోనే ఉందని నాకు కరెంటు బిల్లు కట్టబోతే తెలిసింది. ముగ్గులనుకునేరు, మా గుమ్మంలో ఉన్నది స్టిక్కరు ముగ్గు. సంగతి బిల్లు వెనకాల ఉంది. భీమవరంలో వాళ్ల అక్కయ్యకి ఫోన్ చేసినప్పుడల్లా మా ఆవిడ చేతికందిన పెన్నుతో చేతికందిన కాయితం మీద ఏదో ఒకటి గీస్తుంది. ఆ బిల్లు మీద ఒక కోడిపుంజుంది. మెడ నుంచి తోక దాకా ఒకే లైను, ఎక్కడా పెన్నెత్తలేదు. తోక దగ్గర ఆ లైను మూడుసార్లు విసురుగా పైకి లేచి, మూడోది బిల్లు మొత్తం పడ్డ గళ్లు కూడా దాటేసింది. కాళ్లు రెండు గీకుళ్లు. కన్ను వెయ్యనేలేదు, అయినా అది నన్ను కిందామీదా చూస్తోంది. భూతద్దం పెట్టాను. మొదలు సన్నం, చివర సన్నం, వణుకు లేదు, అతుకు లేదు. అసలు సంతకం.

“ఇది ఎలా వేశావ్?” అన్నాను.

“ఏది? అదా? నేనా వేసింది?” అంది.

నర్సరీ ఆయన అప్పుడు గుర్తొచ్చాడు. చేతికి కాపలా కాసేవాడు ఇంకో పనిలో ఉంటేనే చెయ్యి ఆడుతుంది. నాకు కావలసింది పెద్ద కాయితం, పాళీ కాదు, ఫోను. అమలాపురంలో ఉన్న మా బావమరిదికి కలిపి, స్పీకర్లో పెట్టి, ఎదురుగా వరండాలో ఉన్న పడక్కుర్చీ వెయ్యడం మొదలెట్టాను. వాడు మాట్లాడ్డం మొదలెడితే గోదావరి వరదే. కుర్చీ చెయ్యి ఒక్క విసురులో వచ్చింది. గుడ్డ జారుగా వచ్చింది. కుర్చీ వెనకాల గోడ వెయ్యకుండానే గోడ వచ్చింది. “అంతేనంటారా బావగారూ?” అన్నాడు వాడు. “ఊఁ” అన్నాను. “మీకేం ఇబ్బంది లేదు కదండీ?” “ఊఁహూఁ” అన్నాను. జన్మలో అంత మంచి కుర్చీ వెయ్యలేదు.

వారం తిరక్కుండా ఆదివారం పొద్దున్నే మా వీధిలో టెంపో ట్రావెలర్ ఆగింది. వాళ్ల కొడుకు పెళ్లికి ఆడపెళ్లివారి తరఫున వచ్చే చుట్టాలకి మూడు రోజులు మా ఇంట్లో విడిది అని నేను మాట ఇచ్చానట, టిఫిన్లతో సహా. మా ఆవిడ నావైపు చూసిన చూపు ఏ పెన్నుకీ లొంగదు. ఆ మూడు రోజులూ పడక్కుర్చీ మీద ఎవరో పెద్దాయన పడుకున్నారు, నేను మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన.

అందుకని ఇప్పుడు చుట్టాలకి చెయ్యడం మానేశాను. ఏదో ఒక కంపెనీ కస్టమర్ కేర్‌కి కలుపుతున్నాను. నా కాల్ వాళ్లకి ఎంతో ముఖ్యమని చెప్పి, సంగీతం పెట్టి వదిలేస్తారు, నన్నేమీ అడగరు, నేను దేనికీ ఊఁ కొట్టక్కర్లేదు. ఆ సంగీతంలో హేవలాక్ వంతెన మొత్తం వేశాను, 56లో ఎన్ని పడ్డాయో చూసుకోలేదు. మొన్న మాత్రం గట్టు చివర రావిచెట్టు సగంలో ఉండగా ఒకమ్మాయి నిజంగానే ఫోనెత్తి, “చెప్పండి సార్, మీ సమస్య ఏమిటి?” అంది. చెప్పడానికి నాకు సమస్యేమీ లేదు. కంగారులో స్కేలు కోసం చెయ్యి చాపాను.