మదనపల్లెకు వీసా అక్కర్లేదు

పది రోజుల్లో ఏడు దేశాలు చుట్టేసి వచ్చిన వాళ్ల కోసం ఈ గైడు. పారిస్‌లో పప్పన్నం తిని, బస్సులో నిద్రపోతూ బెల్జియం దాటి, స్విట్జర్లాండ్ మంచులో పట్టుచీరతో ఫోటో దిగి వచ్చాక, పక్కూళ్లను మామూలుగా చూసిరావడం మీ హోదాకు తగదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడింటినీ శని, ఆదివారాల్లో కవర్ చేసేయాలి. కింది సలహాలు పాటిస్తే ఏదీ చూడకుండానే కవర్ చేయొచ్చు.

రైల్లో వచ్చేవాళ్లు 'మదనపల్లె రోడ్డు' స్టేషన్‌కు టికెట్టు తీసుకోండి. దిగాక ఊరేదని వెతక్కండి. మీరున్నది సీటీఎం అనే ఊరి దగ్గర. ఇక్కడున్నది మదనపల్లెకు పోయే రోడ్డు మాత్రమే, ఆ సంగతి బోర్డు మీదే రాసిపెట్టారు. యూరప్‌లో చవక విమానాల వాళ్లకు ఈపాటి నిజాయితీ లేదు. పారిస్ అని చెప్పి 80 కిలోమీటర్ల అవతల బోవేలో దింపిపోతారు.

గైడు అంటే గుర్తొచ్చింది. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది మదనపల్లెలోనే. ఆయన్ని జగద్గురువును చేయాలని దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఒక సంఘమే కట్టారు. 1929లో హాలెండులోని ఓమెన్‌లో, వేల మంది అనుచరుల ముందు నిలబడి ఆ సంఘాన్ని ఆయనే రద్దు చేశాడు. దారి చూపేవాడి వెంట పడొద్దన్నాడు. అలాంటి మనిషి పుట్టిన ఊరికి దారి చూపిస్తూ గైడు రాయడం ఎంత పద్ధతైన పనో నాకూ తెలుసు. మీరు మాత్రం ఆయన పెట్టిన రిషివ్యాలీ స్కూలు గేటు దాకా వెళ్లి, పిల్లాడికి సీటు దొరుకుతుందా అని వాచ్‌మన్‌ను అడిగి రండి. బెంగుళూరు కార్లలో సగం మంది తత్వజిజ్ఞాస అక్కడితో తీరిపోతుంది.

బీటీ కాలేజీ ముందు కారు ఆపొద్దు. అనీబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ అది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ వచ్చి బస చేసిందీ, 'జనగణమన'ను తన చేత్తో ఇంగ్లీషులోకి రాసిందీ ఇక్కడే. ఆ ప్రతి మీద తేదీ ఫిబ్రవరి 28. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ పాశ్చాత్య సంగీతం చదువుకున్నావిడ. ఆ పాట వరసను స్వరాల్లో రాసిపెట్టింది ఆమే. ఇద్దరూ ఐర్లండు వాళ్లు. మదనపల్లెకు రాకముందు, 1904 జూన్‌లో, తల దాచుకునే చోటు లేక తిరుగుతున్న ఒక కుర్రాడికి డబ్లిన్‌లో తమ ఇంట్లో కొద్ది రోజులు చోటిచ్చారు. ఆ కుర్రాడి పేరు జేమ్స్ జాయ్స్. తర్వాత ఆయన రాసిన 'యులిసిస్' నవలంతా ఆ నెల 16న జరుగుతుంది కాబట్టి, డబ్లిన్ ఏటా జూన్ 16ను పండగ చేసుకుంటుంది. జనం పాతకాలపు టోపీలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు, కథానాయకుడు తిన్నట్టే పొద్దున్నే మూత్రపిండాలు వేపుకుని తింటారు. మీరు ఫిబ్రవరి 28న మదనపల్లె రావాలనుకుంటే మాత్రం ఆ ఆలోచన మానుకోండి. టోపీలు అద్దెకు దొరకవు. పైగా టికెట్టు లేదు. టికెట్టు లేనిదాన్ని చూసొచ్చామని ఎవరితో చెప్పుకుంటాం?

టికెట్టు విలువ స్పెయిన్ వాళ్లకు బాగా తెలుసు. బున్యోల్ అనే చిన్న ఊళ్లో ఆగస్టు చివరి బుధవారం జనం వీధుల్లో టమాటాలతో కొట్టుకుంటారు. గుంపు ఎక్కువైపోయిందని 2013లో టికెట్టు పెట్టి, రానిచ్చేవాళ్లను 20,000 మందికి కుదించారు. మన మదనపల్లె నీరుగట్టువారిపల్లె టమాటా మార్కెట్‌లో ఆ వేడుకకు తేదీ అంటూ లేదు. రేటు పడిపోయిన ఏ పొద్దయినా చాలు. కోత కూలీ, బండి బాడుగ కూడా రావని తేలాక, రైతు క్రేట్లకు క్రేట్లు రోడ్డు పక్కన గుమ్మరించి ఖాళీ క్రేట్లతో ఇంటికి పోతాడు. ఆ ఎర్రటి కుప్పల ముందు ఫోటో బ్రహ్మాండంగా వస్తుంది. తెల్లచొక్కా వేసుకోండి, బున్యోల్‌లోనూ అలాగే పోతారు. విసరడం మాత్రం వద్దు. విసిరితే ఎవరి మీద విసరాలనే చర్చ మొదలవుతుంది, మండీ దగ్గర మొదలై ఢిల్లీ దాకా పోతుంది, రెండు రోజుల టూరులో తేలదు.

రైతు ముఖంలో నవ్వు కూడా ఫోటోలో పడాలంటే 2023 జూలై లాంటి నెల చూసుకుని రావాలి. అప్పుడు టమాటా కిలో 200 రూపాయల దగ్గరికి పోయింది, తోటల్లో రాత్రిళ్లు కాపలా పడుకున్నారు. అలాంటి నెల మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పగలిగినవాడు ఈ గైడు రాస్తూ కూర్చోడు. మార్కెట్‌లో ఎవరినైనా "ఏమన్నా, ఈ తూరి గిట్టుబాటైందా?" అని అడిగి చూడండి. "పంటున్నప్పుడు రేటుండదు, రేటున్నప్పుడు పంటుండదు సార్. మీరో రెండు కిలోలు తీసుకోండి" అంటారు. బేరమాడండి. యూరప్‌లో అరలీటరు నీళ్ల సీసా కొన్నప్పుడు ఆడలేకపోయిన బేరమంతా ఇక్కడ ఆడేయండి.

దావోస్ చూడలేదనే దిగులున్నవాళ్లకు ఆరోగ్యవరం ఉంది. కోటీశ్వరులు మీటింగులకు రాకముందు దావోస్‌కు క్షయరోగులు వచ్చేవాళ్లు. మందుల్లేని ఆ రోజుల్లో కొండగాలీ మంచి తిండే వైద్యం. మదనపల్లె గాలిని నమ్ముకుని మిషనరీలు 1915లో ఇక్కడ శానిటోరియం తెరిచారు. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ ఏళ్ల తరబడి దాన్ని నడిపాడు. 1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలుపెట్టిన చోట్లలో మదనపల్లె ఒకటి. మీ జబ్బ మీద ఆ టీకా మచ్చ ఉంటే చొక్కా చేతులు పైకి మడిచి సెల్ఫీ దిగండి, ఈ టూరులో మీతో పాటు ఇంటిదాకా వచ్చే జ్ఞాపిక అదొక్కటే. కుప్పం ఎమ్మెల్యే చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి హోదాలో పెట్టుబడుల కోసం దావోస్ దాకా పోవాల్సి వస్తోంది. మీకా శ్రమ లేదు, ఆటో పిలిస్తే వస్తుంది.

హార్స్‌లీ కొండకు పోలేదంటే ఇంట్లో నమ్మరు కాబట్టి పోయి రండి. కడప ఎండకు తాళలేక కలెక్టరు హార్స్‌లీ అక్కడ బంగళా కట్టుకున్నాడు. అంతకు ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. వ్యూ పాయింట్ దగ్గర మంచు కనిపిస్తే "అచ్చం స్విట్జర్లాండే" అనాలి. ఎండ కనిపిస్తే "ఒకప్పుడు స్విట్జర్లాండే" అనాలి.

పుంగనూరు పోయేది పుంగనూరు ఆవు కోసం. అక్కడ మీకు జెర్సీలు ఎదురైతే కంగారు పడొద్దు. మూడడుగుల ఎత్తుండే ఆ పొట్టి ఆవు కావాలంటే పలమనేరు పరిశోధన కేంద్రానికో, హైదరాబాదు శివార్లలో ఏ ఫామ్‌హౌస్‌కో, కాదంటే ఢిల్లీలో ప్రధాని ఇంటికో పోవాలి. 2024 సంక్రాంతికి ఆయన వాటికి మేత తినిపించిన ఫోటోలు దేశమంతా చూసింది. పాలిచ్చేది తక్కువే, వెన్న మాత్రం 8 శాతం దాకా ఉంటుంది. మామూలు ఆవు పాలలో అందులో సగం కూడా కష్టమే. ఎండుగడ్డి తిని కరువును తట్టుకుంటుందని రైతు పెంచుకున్నాడు, ముద్దుగా ఉందని మారాజులు లక్షలు పోసి కొనుక్కుంటున్నారు. ఊళ్లో సుగుటూరు జమీందారుల ప్యాలెస్ కూడా ఉంది. మార్చి, ఏప్రిల్‌లలో గంగమ్మ జాతరప్పుడు పోతే వెర్సాయ్ క్యూలో నిలబడ్డ అనుభవం మీకు అక్కరకొస్తుంది. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి పెడితే నమలకండి, మింగండి. కాంటినెంటల్ ఉందా అని అడగడం మీ ఇష్టం.

కుప్పానికి పలమనేరు, వీకోట మీదుగా దారి. నెదర్లాండ్స్, జర్మనీ, బెల్జియం కలిసే వాల్స్ దగ్గర ఒక రాయి పాతారు, టూరిస్టులు తలో దేశంలో తలో కాలు, చెయ్యి పెట్టి ఫోటోలు దిగుతుంటారు. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే కుప్పంలో ఆ పని నోటితో చేస్తారు. తెలుగులో మొదలైన మాట కన్నడంలో మలుపు తిరిగి తమిళంలో ఆగుతుంది. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరికేది కాదు. మీరు టీకొట్టు దగ్గర ఇంగ్లీషే మాట్లాడండి, లేకపోతే కలిసిపోతారు. చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిపూట ఏనుగుల సఫారీ కూడా ఉంది. కాకపోతే మనం వాటిని చూడటానికి పోవడం కాదు, అవే కౌండిన్య అడవి దాటి పొలాల్లోకి వస్తాయి. ఖర్చు రైతుది.

ఇక వెనిస్. అక్కడ గోండోలా ఎక్కాలంటే 90 యూరోలు. కుప్పంలో హంద్రీ-నీవా కాలువ ఉంది, శ్రీశైలం దగ్గర బయల్దేరిన కృష్ణా నీళ్లు కొండలెక్కి, వందల కిలోమీటర్లు నడిచి 2025 ఆగస్టులో ఇక్కడికి వచ్చాయి. గట్టు మీద ఎవరైనా పెద్దాయన నిలబడి ఉంటే "బోటింగ్ ఉందా తాతా?" అని అడగండి. "నీళ్లుండాయి కదప్పా, అది చూడు ముందు" అంటాడు. బోటింగ్ లేనందుకు ఒక స్టారు తగ్గించి, బెంగుళూరు రైలెక్కేయండి.