ఉత్తరానికో ఉత్తరం

శ్రీయుత కుబేరుడు గారికి,
ఉత్తర దిక్పాలకులు, అలకాపురి.

విషయం: ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు రావలసిన చలి బకాయి గురించి.

అయ్యా,

ఇది క్రోధి నామ సంవత్సరం, కార్తీకం. ఇంగ్లిషు లెక్కన 2024 నవంబర్. దీపావళి పోయి వారం దాటినా కరీంనగర్‌లో మా పడకగది ఫ్యాను ఇంకా నాలుగు మీదే తిరుగుతోంది. మీ దిక్కు నుంచి రావలసిన గాలి జాడ లేదు.

మా ఇంట్లో చలిని కొలిచేది కొబ్బరినూనె సీసా. ఏటా ఈ రోజులకు తెల్లారేసరికి అందులో నూనె తెల్లగా పేరుకుపోయేది. మా ఆవిడ దాన్ని తీసుకెళ్లి ఎండలో గోడ మీద పెట్టేది. కిటికీలో ఉన్న ఆ సీసాను ఈసారి రోజూ లేవగానే వంచి చూస్తున్నాను. నూనె నీళ్ల లెక్కనే కదులుతోంది. దసరాకే ట్రంకు పెట్టెలోంచి తీసిన మంకీ క్యాపు కలరా ఉండల వాసనతో కుర్చీ మీద ఎదురుచూస్తోంది.

ఇంత పట్టుబట్టి రాయడానికి ఇంకో కారణముంది. చికాగోలో ఉన్న మా మనవరాలు ఏడేళ్లది. పోయిన నెల ఫోనులో “తాతా, మీ ఊళ్లో మంచు పడుతుందా?” అని అడిగింది. “ఎందుకు పడదు, పొద్దుపొద్దున ఎదురింటి గేటు కనపడదు” అన్నాను. అబద్ధం కాదు. హిమాలయం మీద పడేదీ మంచే, మానేరు డ్యామ్ కట్ట మీద కమ్ముకునేదీ మంచే, శనగాకు చివర నిలిచే బొట్టూ మంచే. మన భాషకు మూడూ ఒకటే. ఆ పిల్లకు మాత్రం ఒకటే మంచు తెలుసు. దానితో బొమ్మ చేసి, ముక్కుకు క్యారెట్ గుచ్చి, ఫొటో పంపమంది. బొమ్మ సంగతి తర్వాత. ఎదురింటి గేటు తుప్పుతో సహా స్పష్టంగా కనిపిస్తోంది.

నిజం మంచు కావాలని మేం అడగడం లేదు. 2023 మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రాళ్లవాన పడి రోడ్లన్నీ కశ్మీర్ లెక్క తెల్లబడ్డాయి. జనం సెల్‌ఫోన్లు తీసి ముచ్చటపడ్డారు. చేలల్లో పంట మాత్రం నేలపాలైంది. అట్లాంటి మంజూరు మాకు వద్దు.

మాకు రావలసింది మా ఇగం, అంటే మా చలి. ఏటా పేపర్లో సిర్పూర్(యు), గిన్నెదరి, అర్లి(టి), బేల పేర్ల పక్కన ఒంటి అంకె పడుతుంది చూడండి, అది. “చలి పులి పంజా” అని శీర్షిక పెట్టకుండా మా విలేకరులకు డిసెంబర్ గడవదు. మహారాష్ట్ర నుంచి అసలు పులులు పెన్‌గంగ దాటి వస్తూనే ఉన్నాయి. ఈ పులే దారి తప్పింది. 2016లో మా రెండు జిల్లాలను ముక్కలు చేశారు కాబట్టి పాత చిరునామా దొరకలేదంటారేమో. సిర్పూర్ ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది, రాసుకోండి.

తప్పు ఎక్కడుందో మాకు తెలియక కాదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశంలో ఇంత వేడి అక్టోబర్ లేదని వాతావరణ శాఖ నవంబర్ 1న చెప్పింది. సగటున 1.23 డిగ్రీలు ఎక్కువట. బంగాళాఖాతంలో వరుసగా అల్పపీడనాలు, తూర్పు నుంచి తేమగాలి, పైగా మీ కొండల మీద మంచు కురిపించి వెళ్లే పడమటి అలజడులు ఈసారి లేకపోవడం, ఇవీ కారణాలు. పగలు నేల తాగిన వేడి రాత్రికి ఆకాశంలోకి పోవాలి. మబ్బూ తేమా దుప్పటిలా పైన పరుచుకుంటే ఎక్కడికి పోతుంది?

మబ్బు అంటే గుర్తొచ్చింది. వెనుకటికి మీ కొలువులో పని ఎగ్గొట్టిన యక్షుణ్ణి ఏడాదిపాటు రామగిరికి పంపారు. అది నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అని పండితులంటారు, మా పెద్దపల్లి జిల్లాలోనూ ఒక రామగిరి ఉంది. ఎటు చూసినా మా చుట్టుపక్కలే. ఆదిలాబాద్‌కు బదిలీ అంటే పనిష్మెంటు అనే మాట మీ దగ్గరే పుట్టిందేమో! ఆ యక్షుడు మబ్బును బతిమాలి మీ ఊరికి పంపాడని కాళిదాసు రాశాడు. మబ్బు అటు పోవాలి, చలి ఇటు రావాలి. ఈసారి మబ్బు మా నెత్తినే మకాం వేసింది.

చలి మాకు షోకు కాదు. డిసెంబర్, జనవరిలో చల్లబడితేనే జగిత్యాల మామిడి సరిగా పూతకొస్తుంది. నల్లరేగడిలో శనగ మంచు మీదే బతుకుతుంది. ఆదిలాబాద్ మార్కెట్‌కు పత్తి బండి తోలుకెళ్తే ముందు తేమ మిషన్ గుచ్చుతారు. 8 శాతం లోపుంటేనే క్వింటాలుకు ఈ ఏడాది పూర్తి మద్దతు ధర 7,521 రూపాయలు, పన్నెండు దాటితే వెనక్కే. సముద్రపు తేమగాలి పోయి మీ పొడిగాలి వీస్తే ఆ రైతుకు నాలుగు పైసలు. అట్లాగని పొద్దున కురిసే మంచుకు బండిలోని పత్తి తడిసినా ఆ మిషన్ ఊరుకోదు. కరీంనగర్ వైపు కల్లాల్లో వడ్లింకా ఆరుతున్నాయి, అక్కడ 17 శాతం లెక్క. కాబట్టి పత్తి అమ్ముడై, వడ్లు ఎత్తినాక పంపండి. సర్కారు తేదీలు పాటించదు గానీ, మీరైనా ఒక కన్నేసి ఉంచండి.

మీ మిత్రుడు శివుడు మా వేములవాడలోనే ఉంటాడు. కార్తీకంలో ధర్మగుండంలో మునిగి పళ్లు టకటకలాడుతుంటే “హర హర” అనడంలోనే పుణ్యమంతా ఉంది. మొన్న నేను మునిగాను. హాయిగా ఉంది. ఏదో లెక్క తక్కువైనట్టనిపించింది.

ఇందులో మా తప్పు లేదని దబాయించను. గోదావరిఖనిలో బొగ్గు తవ్వేదీ మేమే, రామగుండంలో 2,600 మెగావాట్ల ప్లాంటులో పెట్టి మండించేదీ మేమే. లోకం పొయ్యిలో మా కట్టెపుల్లా ఉంది.

ఇంకొక మాట రాయకపోతే ఈ లేఖ దొంగ లేఖ అవుతుంది. స్వెటరూ, గొంగడీ, గ్లాసు నిండా చాయ్ ఉన్నవాడిని కాబట్టి చలి కావాలంటున్నాను. ఏజెన్సీలో ఒక హాస్టల్లో ఒకసారి జనవరి తెల్లవారుజామున చూశాను. పిల్లలు వరసగా కుళాయి ముందు నిలబడి, చల్లనీళ్ల చెంబు చేతిలో పట్టుకుని, పోసుకోలేక ఒకరినొకరు చూసుకుంటున్నారు. వెనక ఒక చిన్నోడు దుప్పటితో సహా వచ్చాడు. ఆ దుప్పటిలోంచి అవతలి గోడ కనిపిస్తోంది.

అందుకే లేఖ వాయువుకు రాయలేదు, మీకు రాశాను. ఉత్తర దిక్కూ మీదే, నవనిధులూ మీవే. చలి ఫైలూ డబ్బు ఫైలూ ఒకే టేబుల్ మీదున్న అధికారి మీరొక్కరే. రెండూ కలిపి మంజూరు చేయండి. ముందు దుప్పట్లు, వెనక చలి. నిధులు లేవనకండి. శ్రీనివాసుడు పెళ్లికి మీ దగ్గర చేసిన అప్పుకు మా జిల్లాల వాళ్లం కూడా హుండీలో వడ్డీ కడుతూనే ఉన్నాం.

పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర. మెస్రం వంశపు గోండులు కాలినడకన గోదావరి నీళ్లు మోసుకొచ్చి, మర్రిచెట్ల కింద బస చేసి, నెగళ్లు వేసుకుంటారు. కనీసం అప్పటికైనా.

ఇట్లు,
కరీంనగర్ నుంచి ఒక మంకీ క్యాపు

తా.క.: జవాబు రాయదలిస్తే మాత్రం దయచేసి మబ్బుతో పంపకండి.